అక్వేరియం కుటుంబాలకు మాత్రమే

ఎన్నికల రోజున ఊళ్ళో లేనివాణ్ణి జాయింట్ సెక్రటరీగా ఏకగ్రీవంగా ఎన్నుకోవడం మా సౌభాగ్య రెసిడెన్సీ సంప్రదాయం. ఆ విధంగా, మా మరదలి కొడుకు అన్నప్రాసనకి తుని వెళ్ళి తిరిగొచ్చేసరికి నేను పదవిలో ఉన్నాను. మినిట్స్ రాయడం, నోటీసులు అంటించడం, నీళ్ళ టాంకరు వాణ్ణి బతిమాలుకోవడం నా విధులు. నిర్ణయాలు తీసుకోవడం ప్రెసిడెంటు చక్రధరరావు గారి విధి. ఆయన సహకార శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యారు గానీ, ఆ సంగతి ఆయనకి ఎవరూ లిఖితపూర్వకంగా తెలియజేసినట్టు లేదు.

కాకినాడలో మా కాలనీ అపార్ట్‌మెంట్ల సమాఖ్య ఏటా ఒక ఆదర్శ అపార్ట్‌మెంటుకి షీల్డు ఇస్తుంది. నిరుడు దాన్ని మా ఎదురుగా ఉన్న ముత్యం టవర్స్ తన్నుకుపోయింది. వాళ్ళ కింద హాల్లో అక్వేరియం ఉండటమే అందుకు కారణమని మావాళ్ళు తేల్చారు. వాళ్ళది నాలుగడుగులది. అందుచేత మాది ఆరడుగులది ఉండాలని తీర్మానించాం. తీర్మానించిన వారం రోజులకి గాజుపెట్టె వచ్చింది, దాని కింద బల్ల వచ్చింది, లోపల రంగురాళ్ళు, మొక్కలు, గాలి బుడగలు వదిలే యంత్రం వచ్చాయి. ఇక చేపలు రావాలి.

ఏ చేపలు? ఇంకొకరైతే చేపల కొట్టుకెళ్ళి అడిగేవారు. మా ప్రెసిడెంటు గారు బైలా పుస్తకం తెప్పించారు.

"నివాసి అనగా ఎవరు? ఆవరణలో అహోరాత్రములు ఉండి, ఉమ్మడి నీటిని వాడుకొనువారు" అని చదివారు. "చేపలు అహోరాత్రములు ఉండును. నీటిని మనకంటే ఎక్కువే వాడును. కావున చేపలు నివాసులు. నివాసులను చేర్చుకొను అధికారము అద్దె ఉపసంఘమునకు మాత్రమే కలదు."

అద్దె ఉపసంఘం అంటే 101లో ఉండే హైమవతి గారు. తొమ్మిదేళ్ళుగా ఆవిడ చూపు దాటి ఒక్క అద్దెదారూ మెట్లెక్కలేదు. ఆవిడ నియమాలు గేటు పక్కన బోర్డు మీద రాయించి ఉంటాయి. కుటుంబాలకు మాత్రమే. శాకాహారులకు మాత్రమే. ఫ్లాటుకి ఐదుగురికి మించరాదు. పనివారు ఉదయం తొమ్మిదికి వచ్చి పదకొండు లోపు వెళ్ళిపోవలెను. ఈ నాలుగు నియమాలూ అక్షరం పొల్లుపోకుండా చేపలకి కూడా వర్తిస్తాయని ప్రెసిడెంటు గారు రూలింగ్ ఇచ్చారు. నేను రాసుకున్నాను.

సరిగ్గా ఆ సాయంత్రమే మైలపల్లి ధనలక్ష్మి గారు నా రెండో ఫ్లాటు చూసుకోవడానికి వచ్చారు. నేను 302లో ఉంటాను. 203 కూడా నాదే, ఐదు నెలలుగా ఖాళీగా ఉంది. ఆవిడకి ముప్ఫై రెండేళ్ళుంటాయి. శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు ఊరు, మత్స్యశాఖలో అధికారి. బదిలీ మీద కాకినాడ వచ్చి లేడీస్ హాస్టల్లో ఉంటున్నారు. ఆ హాస్టల్ భవనం పడగొట్టి మళ్ళీ కడతారట, ముప్ఫయ్యో తారీఖుకల్లా అందరూ ఖాళీ చెయ్యాలి. మాకంటే ముందు నాలుగు అపార్ట్‌మెంట్ల వాళ్ళు ఆవిణ్ణి కాదన్నారు.

ఆవిడ వంటింటి కిటికీ తెరిచి కాసేపు నిలబడి, "గాలి బాగా ఆడతందండి. ఇదే ఖాయం చేసుకుంటాను" అన్నారు.

నాకూ సంతోషం వేసింది. "ఒక్కసారి కమిటీకి కనిపించండి చాలు, ఊరికే ఫార్మాలిటీ" అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను ఏమన్నా పాపం లేదు.

కింద హాల్లో, ఖాళీ అక్వేరియం పక్కనే బల్ల వేసుకుని ఉపసంఘం, ఆ పక్కన ప్రెసిడెంటు గారు కూర్చుని ఉన్నారు.

"ఎంతమంది ఉంటారమ్మా?" అన్నారు హైమవతి గారు.

"నేనొక్కర్తినేనండి."

హైమవతి గారి కలం ఆగింది. "మరి మీవారు?"

"పెళ్ళి కాలేదండి. నాన్న లేరు. అమ్మ ఊళ్ళోనే ఉంటాది, ఎండుచేపల వ్యాపారం ఒగ్గనంటాది."

ఎండుచేపలు అనగానే హైమవతి గారి చేతి రుమాలు ముక్కు దగ్గరికి వెళ్ళింది. ఆ మాటకి వాసన ఉండదని ఆవిడకి ఎవరు చెప్పాలి! "అంటే మీరు చేప తింటారన్నమాట."

"వారానికి నాలుగు రోజులండి. మిగతా మూడు రోజులూ మంచి చేప దొరకదు."

ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకున్నారు. "మీ నిజాయితీ ప్రశంసనీయము. అయితే నిజాయితీ అర్హతల జాబితాలో లేదు. సదరు దరఖాస్తును పరిశీలనలో ఉంచడమైనది."

ధనలక్ష్మి గారికి ఇది అలవాటే కాబోలు, మొహం మాడ్చుకోలేదు. అక్వేరియం వైపు చూసి, ఇందులో ఏం వేస్తున్నారని అడిగారు. మర్యాదస్తుల కుటుంబాలనే చేర్చుకుంటున్నామని ప్రెసిడెంటు గారు చెప్పారు. ఆవిడ నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయారు.

"చేపల్ని కలిపి పెంచేటప్పుడు మేం మూడే చూస్తామండి. నోరెంత, నీరెలాటిది, గుణమేటి. దాని నోట్లో పట్టేదల్లా దానికి తిండే. చిన్నవాటిని గుంపుగా ఉంచాలి. కోపిష్టిదాన్ని వేరే ఉంచాలి. అంతకు మించి ఏటీ లేదండి."

"కుటుంబ నేపథ్యం?" అన్నారు హైమవతి గారు.

"అదెందుకండి?"

హైమవతి గారూ, ప్రెసిడెంటు గారూ ఒకరినొకరు చూసుకున్నారు. చదువుకున్నవాళ్ళకి ప్రపంచజ్ఞానం ఉండదని వాళ్ళ చూపుల్లోనే తెలిసింది.

ఆదివారం పొద్దున్న చేపల ఇంటర్వ్యూలు జరిగాయి. మెయిన్ రోడ్డులో రంగుచేపల కొట్టు నడిపే ఖాసిం భాయ్, గాలి నింపిన పాలిథిన్ సంచుల్లో చేపల్ని తెచ్చి బల్ల మీద వరసగా పెట్టాడు. పాపం ఆయన అమ్ముకోవడానికి వచ్చాడు. మావాళ్ళు ఆయన్ని సంరక్షకుడిగా నమోదు చేసుకున్నారు.

మొదటి సంచిలో ఏంజెల్ చేపల జంట. వెడల్పాటి ఒళ్ళు, నిలువు చారలు, పట్టుపంచె జారిపోతుందేమో అన్నంత నిదానమైన నడక.

"చూడగానే తెలుస్తోంది, పెద్దింటి వాళ్ళు" అన్నారు హైమవతి గారు. "ఏం తింటారు?"

"ఏది వేస్తే అది తింటాయమ్మా. గింజల్లాంటివి వేస్తాం" అన్నాడు ఖాసిం భాయ్.

"గింజలు! శాకాహారులు" అని రాసుకున్నారు. ఆ గింజలు దేనితో చేస్తారని ఎవరూ అడగలేదు.

రెండో సంచిలో ఆరు నియాన్ టెట్రాలు. అగ్గిపుల్లంత పొడవు, నీలం, ఎరుపు గీతలు, ఒకటి ఎటు తిరిగితే అన్నీ అటే.

"వీళ్ళ పెద్దవాళ్ళెవరు?"

"పెద్దవాళ్ళు ఉండరమ్మా. గుంపుగా తిరుగుతాయి. ఒట్టి అమాయకపువి, ఎవరి జోలికీ పోవు."

"ఆరుగురు కుర్రాళ్ళు, పెద్దదిక్కు లేదు, మెరిసే బట్టలు!" అన్నారు ప్రెసిడెంటు గారు. "బ్యాచిలర్లు. తిరస్కరించడమైనది." సంచి పక్కకి వెళ్ళింది.

గప్పీల జంటని చూసి అందరూ ముచ్చటపడ్డారు. చిన్న సంసారం, ఆడదానికి నెలలు నిండాయి. వెంటనే మంజూరు. ఆ తరవాత ఎర్రటి ఫైటర్ చేప, చీర కుచ్చెళ్ళంత తోక. ఖాసిం భాయ్ దాన్ని విడిగా చిన్న సీసాలో తెచ్చాడు.

"ఒంటరిగా ఎందుకున్నాడు?"

"వీడు ఒంటరిగానే ఉండాలి సార్. ఇంకో మగ ఫైటర్ కనబడితే చంపడమో, చావడమో. పెళ్ళాన్ని కూడా బతకనివ్వడు."

హైమవతి గారు సీసాని తన వైపు లాక్కున్నారు. "కుటుంబానికి దూరంగా పెంచితే కోపం రాక ఏమొస్తుంది? భార్యని తీసుకురండి. అన్నదమ్ములుంటే ఒకణ్ణి తీసుకురండి. ఉమ్మడి కుటుంబం అయితేనే ఇస్తాం."

ఖాసిం భాయ్ నా వంక చూశాడు. నేను మినిట్స్ పుస్తకం వంక చూశాను.

ఆఖరున సక్కర్ చేప. నల్లగా, గరుకుగా, గాజుకి మూతి అంటించుకుని పాచి తినే రకం. అక్వేరియం శుభ్రం చేసేది ఇదేనని చెప్పగానే దాని హోదా నిర్ణయమైపోయింది. పనివారు. తొమ్మిదికి వచ్చి పదకొండుకి వెళ్ళాలి.

"అది రాత్రిపూటే బాగా తింటాదంటండి, ఖాసిం భాయ్ చెబుతున్నాడు" అన్నాడు మా వాచ్‌మన్ నూకరాజు.

"రాత్రివేళ పనివారిని లోపల ఉండనిచ్చే ప్రసక్తి లేదు" అన్నారు ప్రెసిడెంటు గారు.

"ఆయ్, అలాగేనండి" అన్నాడు నూకరాజు. ఆ రోజు నుంచి పొద్దున్న తొమ్మిదికి బకెట్లోంచి సక్కర్‌ని తీసి అక్వేరియంలో వెయ్యడం, పదకొండుకి వలతో పట్టి మళ్ళీ బకెట్లో వెయ్యడం వాడి డ్యూటీలో చేరింది. రిజిస్టర్లో రాకపోకల వేళలు రాసి, చేప తరపున వాడే వేలిముద్ర వేసేవాడు.

నాలుగో రోజున గప్పీ ప్రసవించింది. తల్లీతండ్రీ కాక ముప్ఫై రెండు మంది. మొత్తం ముప్ఫై నాలుగు. ఫ్లాటుకి ఐదుగురికి మించరాదన్న నిబంధనని ఇంత ఘోరంగా ఉల్లంఘించినవాళ్ళు మా చరిత్రలో లేరు. పదిహేను రోజుల్లోగా ఇరవై తొమ్మిది మంది ఖాళీ చెయ్యాలని ప్రెసిడెంటు గారు నోటీసు రాయించారు. గప్పీలకి కనబడాలని, అక్షరాలు లోపలి వైపు ఉండేటట్టు గాజుకి అంటించాను. ఇటు పక్కనుంచి మాకు తెల్లకాగితమే కనబడేది.

మర్నాడు నూకరాజు లెక్కపెడితే ఇరవై ఆరు. ఆ మర్నాడు పందొమ్మిది. మూడో నాటికి పదకొండు. "నోటీసు ఫలితమిచ్చినది. సదరు కుటుంబము క్రమశిక్షణ గలది" అని ప్రెసిడెంటు గారు ఫైల్లో ఎండార్స్ చేశారు. ఎక్కడికి ఖాళీ చేసి వెళుతున్నాయన్న సందేహం, చుట్టూ గాజు ఉండగా, ఎవరికీ రాలేదు.

ఒక మధ్యాహ్నం హైమవతి గారు కెవ్వుమన్నారు. పరుగెత్తుకెళ్ళి చూస్తే, పెద్దింటి ఏంజెల్ గారి నోట్లోంచి ఒక చిన్న తోక బయటికి ఊగుతోంది.

వెంటనే అత్యవసర సమావేశం. ఉమ్మడి ఆవరణలో మాంసాహారం! అదీ శాకాహారులని నమోదైన కుటుంబం!

"తొందరపడరాదు" అన్నారు ప్రెసిడెంటు గారు. "నోటిలో ఉన్నంత మాత్రమున తిన్నట్లు కాదు. ప్రాథమిక విచారణ జరగవలెను." ఆయన ఆ మాట పూర్తి చేసేలోపల తోక లోపలికి వెళ్ళిపోయింది. "సాక్ష్యము లభ్యము కానందున విచారణ ముగించడమైనది."

"అవును, చూస్తే అలాంటి వాళ్ళలా లేరు" అన్నారు హైమవతి గారు, ఊపిరి పీల్చుకుని.

ఖాసిం భాయ్ చేత పట్టుబట్టి తెప్పించిన ఫైటర్ల ఉమ్మడి కుటుంబం అంతకంటే గొప్పగా నడుస్తోంది. తమ్ముడి తోక మొదటి రోజే పేలికలైంది. భార్య మొక్కల వెనక దాక్కుని తిండికి కూడా బయటికి రాదు. ఇది నాకు నచ్చలేదు, దాన్ని చూస్తుంటే అన్నం సయించేది కాదు, వేరు చేద్దామండీ అని ధైర్యం చేసి అడిగాను. "కుటుంబ విషయములలో అసోసియేషన్ జోక్యం చేసుకొనదు" అని సమాధానం వచ్చింది. మూడో రోజు తమ్ముడు వెల్లకిలా తేలాడు. రిజిస్టర్లో "స్వచ్ఛందంగా ఖాళీ చేసెను" అని రాయించారు.

ఈలోగా నీళ్ళు పచ్చబడ్డాయి. హాలు అందంగా ఉండాలని పగలూ రాత్రీ లైటు వేసి ఉంచేవాళ్ళం. పాచి పెరగడానికి ఇరవై నాలుగు గంటలు, దాన్ని తినడానికి రెండు గంటలు. ఇరవయ్యో తారీఖు వచ్చేసరికి అక్వేరియంలో చేపలున్నాయో లేవో దేవుడికే తెలియాలి, గోంగూర పులుసులా ఉంది. ఇరవై ఐదున సమాఖ్యవారి తనిఖీ.

అప్పుడు గుర్తొచ్చారు ధనలక్ష్మి గారు. నా చేతే ఫోన్ చేయించారు. "ఈ సాయం చేస్తే మీ దరఖాస్తు సానుభూతితో చూస్తారండీ" అని నేనే చెప్పాను. ఆవిడ ఆఫీసు నుంచి తిన్నగా వచ్చారు. పంజాబీ డ్రెస్సు చేతులు మోచేతి దాకా మడిచి, సగం నీళ్ళు తోడించారు. నూకరాజు చేత గాజు గీకించారు. లైటు రోజుకి ఎనిమిది గంటలు చాలన్నారు. నాలుగు సాయంత్రాలు వరసగా వచ్చారు. పెద్దింటి జంటని ఖాసిం భాయ్‌కి తిప్పి పంపేశారు. ఫైటర్ భార్యని మొక్కల వెనక నుంచి మెల్లిగా తీసి, వేరే తొట్టెలో ఉంచి మందు వేశారు. ఫైటర్‌కి పక్కనే విడిగా ఒక గుండ్రటి గాజుపాత్ర.

"ఈ బాబు ఒక్కడూ ఉంటే బంగారం అండి. పక్కన ఎవరో ఒకరుండాలని పెద్దలు పట్టుబడితేనే గొడవ" అన్నారు. హైమవతి గారు వినిపించుకోలేదు.

బ్యాచిలర్లయిన టెట్రాలు ఆరు కాదు, ఇరవై కావాలన్నారు. సక్కర్ రాత్రింబగళ్ళు లోపలే ఉండాలన్నారు. మిగిలిన గప్పీలు ఉండొచ్చన్నారు. ఇంత అరాచకానికి నియమాలు ఒప్పుకోవు గనక ప్రత్యేక సర్వసభ్య సమావేశం పెట్టి, బ్యాచిలర్లకీ, పనివారికీ, ఆహారపు అలవాట్లకీ, ఐదుగురి పరిమితికీ సంబంధించిన నాలుగు నిబంధనలనూ సడలించాం. ఏకగ్రీవం. ఈ సడలింపు నీటిలో నివసించువారికి మాత్రమే వర్తించునని ఒక వాక్యం చేర్చారు. దాన్ని రాసింది నేనే.

ఇరవై ఐదున సమాఖ్యవారు వచ్చి అక్వేరియం ముందు పావుగంట నిలబడ్డారు. నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉన్నాయి. ఇరవై టెట్రాలూ ఒకేసారి మలుపు తిరుగుతుంటే నాకే కళ్ళు చెదిరాయి. "ఇన్ని రకాలు ఇంత సామరస్యంగా ఎలా ఉన్నాయండీ?" అని అడిగారు వాళ్ళు. "ఎంపిక" అన్నారు ప్రెసిడెంటు గారు. "చేర్చుకొనేటప్పుడే మా ఉపసంఘము కఠినముగా వ్యవహరించును." షీల్డు మాకే వచ్చింది. ధనలక్ష్మి గారు ఆ పూట ఆఫీసులో ఉన్నారు. ఆవిణ్ణి పిలవాలని ఎవరికీ తోచలేదు. నాకు తోచింది గానీ, అనలేదు.

ఇరవై తొమ్మిది సాయంత్రం ఆవిడ దరఖాస్తు మీద నిర్ణయం వెలువడింది. ఉదారంగా, అంగీకారమే. పదకొండు షరతులు. వంటింటి కిటికీ మూసి ఉంచవలెను. చేప వండరాదు. ఆరు నెలలలోగా వివాహము చేసుకొనవలెను, లేనిచో తల్లిగారిని పిలిపించుకొనవలెను, ఆమె తన వ్యాపార సామగ్రి తేరాదు. రాత్రి ఎనిమిది దాటి రారాదు. ఇలా సాగి, పదకొండోది, ప్రతి ఆదివారము అక్వేరియం పని ఉచితముగా చూడవలెను. అసోసియేషన్ ముద్ర వేసి, రెండు ప్రతులు నా చేతికిచ్చి, ఒకదాని మీద సంతకం తీసుకురమ్మన్నారు.

ముప్ఫై పొద్దున్న హాస్టల్‌కి వెళ్ళేసరికి ధనలక్ష్మి గారు సామాను ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తున్నారు. ఒక బీరువా, ఒక మడతమంచం, రెండు పుస్తకాల పెట్టెలు. కాగితం ఇచ్చాను. ఆవిడ ఆటోకి ఆనుకుని, పదకొండూ చదివారు. పెళ్ళి షరతు చదివేటప్పుడు చిన్నగా నవ్వు వచ్చింది. తరవాత నవ్వు రాలేదు.

"ఎక్కడికండీ?" అన్నాను, సామాను చూపించి.

"ఖాసిం భాయ్ కొట్టు మీద గది ఖాళీగా ఉందండి. నిన్న చేపల మందు కొనడానికి వెళ్ళినప్పుడు మాటల్లో చెప్పాను."

"ఏమీ అడగలేదా ఆయన?"

"అడిగారండి. పొద్దున్న ఎన్నింటికి వస్తావమ్మా, తాళం తీసి ఉంచుతాను అన్నారు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఏదైనా అందామని నోరు తెరిచాను. "మా కమిటీ వాళ్ళు కొంచెం..." అన్నాను.

ఆవిడ కాగితం నాలుగు మడతలు పెట్టి నా చేతిలోనే పెట్టేశారు. కోపంగా కాదు. "కమిటీని నేనేటీ అన్లేదండి. ఆళ్ళకి నేనెవరు? ఫ్లాటు మీది కదండీ" అన్నారు. ఆ మాటని ఇంకా పొడిగిస్తారేమోనని భయపడ్డాను. పొడిగించలేదు. "ఫైటర్‌కి రోజుకి రెండు గింజలు చాలని నూకరాజుకి చెప్పండి. ఎక్కువేస్తున్నాడు" అని ఆటో ఎక్కారు.

ఆటో మలుపు తిరిగేదాకా అక్కడే ఉన్నాను. 203 తాళంచెవి నా జేబులో ఉంది. నెల రోజులుగా అక్కడే ఉంది. ఏ బైలా దాన్ని నా దగ్గర్నుంచి లాక్కోలేదు. ఆవిడ కిటికీ తెరిచిన సాయంత్రమే తీసి చేతిలో పెట్టి ఉంటే, మహా అయితే చక్రధరరావు గారు నాతో మాట్లాడటం మానేసేవారు, దానివల్ల నాకు వచ్చే నష్టమేమిటో ఎంత ఆలోచించినా తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

తిరిగి వచ్చేసరికి ప్రెసిడెంటు గారు హాల్లో షీల్డుకి మేకు కొట్టించే చోటు చూస్తున్నారు.

"సంతకం అయినదా?"

"లేదండీ. వేరే ఇల్లు చూసుకున్నారు."

"చూశారా? ఇటువంటివారికి స్థిరత్వము ఉండదని నేను మొదటనే గ్రహించితిని" అన్నారు. "దరఖాస్తుదారు ఆసక్తి కనబరచనందున ఫైలు మూసివేయడమైనది. రాయండి."

రాశాను.